అస్కా వైపు ఆడిందెవరు

ఈ సంగతి ఎవరికి చెప్పినా ముందు అడిగే ప్రశ్న ఒకటే. మీ ఇంట్లో ఈ మధ్య ఎవరైనా పోయారా అని. ఎవరూ పోలేదు. మా అత్తగారూ మావయ్యగారూ ఇద్దరూ నిక్షేపంగా ఉన్నారు. పోయినవాళ్ళు తిరిగొచ్చారని చెప్పడానికి నేను ఇది రాయడం లేదు.

అలాంటివి నేను నమ్మను. మా పుట్టిల్లు రామయ్యపట్నం. నాన్నకి అక్కడ చిన్న కొట్టు ఉండేది. సముద్రం ఒడ్డున ఫలానావాడికి ఫలానాది కనబడిందని చిన్నప్పుడు ఎన్ని కబుర్లు విన్నానో లెక్క లేదు. కళ్ళారా చూసినవాడు మాత్రం ఒక్కడూ దొరకలేదు. చూసినవాడు ఎప్పుడూ ఇంకెవరి బావమరిదో అయ్యుండేవాడు. అందుకే వాటి మీద నాకు నవ్వు తప్ప భయం లేకుండా పోయింది. పైగా చదివింది బి.ఎస్సీ. కంప్యూటర్స్. ఒకటి పని చెయ్యలేదంటే దానికో కారణం ఉంటుంది, వెతికితే దొరుకుతుంది, ఇదీ నా నమ్మకం.

పని చెయ్యడానికి వీల్లేనిది పని చేస్తే ఏమనుకోవాలో మాత్రం నాకు ఎవరూ చెప్పలేదు.

నా పేరు పద్మ. బరంపురం బజారులో మాకు కిరాణా హోల్‌సేల్ కొట్టు ఉంది. కింద కొట్టు, మేడ మీద ఇల్లు. మావయ్యగారి తాతల నాటి నుంచీ ఇక్కడే. ఇంట్లో తెలుగు, కొట్లో ఒడియా, బిల్లు మీద ఇంగ్లీషు. మా ఆయన శ్రీను, ఆయన అన్నయ్య సత్యం బావగారు కలిసే వ్యాపారం చూసేవారు. బావగారి భార్య హేమక్క. వరసకి తోటికోడలు గాని, నేను కాపరానికి వచ్చిన రోజు నుంచీ నాకు సొంత అక్కే.

హేమక్క కొడుకు కార్తీక్ ఇంజినీరింగ్‌కి భువనేశ్వర్ వెళ్తూ తన గేమ్ కన్సోల్ ఇక్కడే వదిలేశాడు. టీవీకి తగిలించి, చేతిలో మీటల పలక పట్టుకుని ఆడతారే, అది. ఒక మధ్యాహ్నం దుమ్ము దులుపుతూ అక్క మీట నొక్కింది. బ్యాడ్మింటన్ ఆట తెరుచుకుంది. అక్క కాలేజీలో బ్యాడ్మింటన్ ఆడేదట. పెళ్ళితో ఆగిపోయింది. ఆ సంగతి నాకు ఆ రోజే తెలిసింది. ఎడమచేతి వాటం మనిషి. ఆటలో బొమ్మకి కూడా ఎడమచెయ్యి పెట్టుకోవచ్చని కనిపెట్టి, చిన్నపిల్లలా మురిసిపోయింది.

అప్పట్నుంచి మగవాళ్ళు భోంచేసి కునుకు తీసే వేళ మా ఇద్దరికీ అదే పని. ఒకే జట్టుగా ఆడేవాళ్ళం. నేను వలకి దగ్గరగా, అక్క వెనక. సర్వీసు చేసే ముందు అక్క బొమ్మ ఉన్నచోటే రెండుసార్లు గెంతేది. ఎందుకక్కా అంటే, కోర్టులో నిజంగా ఆడినప్పుడు అలాగే గెంతేదాన్ని, ఆ అలవాటు వేళ్ళకి వచ్చేసింది అనేది.

అలా ఓ ఏడాది సుఖంగా గడిచింది. తర్వాత అన్నదమ్ములు విడిపోయారు.

కారణం చెబితే చిన్నదిగానే ఉంటుంది. మావయ్యగారు నలభై ఏళ్ళు కూర్చున్న గద్దె ఒకటి కొట్లో ఉండేది. బావగారు, హేమక్క సింహాచలం వెళ్ళిన నాలుగు రోజుల్లో మా ఆయన కొట్టుకి అద్దాలు, ఏసీ, కొత్త కౌంటరు పెట్టించి, ఆ గద్దె తీయించేశారు. కస్టమర్లు లోపలికి రావడానికి అడ్డంగా ఉందని. మావయ్యగారు ఏమీ అనలేదు. అననందుకే బావగారికి ఎక్కువ బాధ కలిగింది. నన్నొక మాట అడగాలని అనిపించలేదా అన్నారు. మా ఆయన, ప్రతిదీ అడగాలా అన్నారు. ఆ రెండు మాటలే. నెల తిరక్కుండా బావగారు అస్కా వెళ్ళిపోయారు. అక్కడ బెల్లం, బియ్యం వ్యాపారం మొదలుపెట్టారు. అన్నదమ్ముల మధ్య ఫోన్లు లేవు, పండగలకి రాకపోకలు లేవు.

వెళ్ళే రోజున అక్క కన్సోల్ పెట్టెలో సర్దుతూ, దీన్ని ఒక్కదాన్నే ఏం చేసుకోను పద్మా అంది. నేను అలాంటిదే ఇంకోటి కొనుక్కుంటాను, ఇంటర్నెట్‌లో కలిసి ఆడదాం అన్నాను. అనడం తేలిక. కొన్నాను కూడా. కాని రెండూ కలవలేదు.

ఆ కలపడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే నేను ఏది ఎలా పని చేస్తుందో తెలియక బోల్తా పడ్డానని కొందరు అన్నారు. అది నిజం కాదు.

నా కన్సోల్ వైఫై పట్టుకునేది, రెండు నిమిషాలకి వదిలేసేది. మా ఇంట్లో వైఫై పెట్టెని హబ్ అంటాం. అది ఇనప బీరువా మీద ఉండేది. ముందు దాన్ని అక్కడి నుంచి తీసి టీవీ గదిలో గోడకి ఎత్తుగా పెట్టాను. వదిలెయ్యడం తగ్గింది. బజారు కదా, చుట్టుపక్కల అందరి వైఫైలూ ఒకే దారిలో గుద్దుకుంటున్నాయి. హబ్ సెట్టింగుల్లోకి వెళ్ళి కన్సోల్‌ని తక్కువమంది వాడే రెండో బ్యాండుకి మార్చాను. వదిలెయ్యడం పూర్తిగా ఆగింది. అయినా అక్కతో ఆట మొదలుపెట్టగానే కనెక్షన్ కుదరలేదని వచ్చేది. కుదిరినా నా మాట ఆమెకి వినబడేది కాదు.

కంపెనీ కుర్రాడు వచ్చి చూసి, నెట్ వస్తోంది కదమ్మా అని వెళ్ళిపోయాడు. నెట్ వస్తోంది, నిజమే. ఆట రావడం లేదు.

కన్సోల్‌లోనే నెట్‌వర్క్ పరీక్ష ఒకటి ఉంటుంది. అందులో నా కనెక్షన్ రకం 'స్ట్రిక్ట్' అని చూపించింది. అంటే లోపలి నుంచి బయటికి పోనిస్తుంది గాని, బయటి నుంచి వచ్చేవాళ్ళని గుమ్మంలోనే ఆపేస్తుంది. ఎందుకా అని రెండు రోజులు ఆలోచించాను. మూడో రోజు బియ్యం ఏరుతూంటే తట్టింది. కంపెనీ పెట్టె కింద కొట్లో ఉంది, బిల్లింగు కోసం. దాన్నుంచి వైరు పైకి వచ్చి మేం కొన్న హబ్‌కి తగులుతోంది. ఆ పెట్టే, ఈ హబ్బూ దేనికది తనే పెద్దననుకుని లోపలి సామాన్లకి విడిగా అడ్రసులు పంచుతున్నాయి. అక్క దగ్గర్నుంచి వచ్చింది మొదటి గుమ్మం దాటినా రెండో గుమ్మంలో ఆగిపోతోంది.

మా ఆయన కొట్లో పెట్టె ముట్టుకోనివ్వరు, బిల్లులు ఆగిపోతాయని. మధ్యాహ్నం కొట్టు మూసిన వేళ చూసి కిందికి దిగాను. పై హబ్‌ని ఉత్త దారిగా, యాక్సెస్ పాయింటు అంటారు, అలా మార్చేశాను. పెత్తనం కింది పెట్టెకే వదిలేశాను. అందులో ఆటలకి కావలసిన దారులు వాటంతట అవే తెరుచుకునే సదుపాయం ఉంటే అదీ వేశాను. రెండిటినీ ఆపి, ముందు కిందిది, అది పూర్తిగా లేచాక పైది, ఆ తర్వాత కన్సోల్, ఆ వరసలో వేశాను. పరీక్ష పెడితే 'ఓపెన్' అని వచ్చింది. వంటింట్లోకి పరిగెత్తి అత్తగారిని గట్టిగా పట్టుకున్నాను. ఏటయిందే పిల్లా అని ఆవిడ కంగారుపడ్డారు.

అస్కా వైపు లోపం ఇంకా విచిత్రమైనది. పెట్టె బిగించినవాడు అక్కకి ఇచ్చిన వైఫై పేరు, ఇంటికొచ్చే చుట్టాల కోసం విడిగా ఉండే పేరట. దాంట్లోంచి సినిమాలు చూడొచ్చు, కన్సోల్ మాత్రం సరిగ్గా పని చెయ్యదు. ఫోన్‌లో ఒక్కొక్కటీ చెబుతూ అసలు పేరుకి మార్పించాను.

మార్చిన మరుక్షణం నా టీవీలోంచి అక్క గొంతు వచ్చింది. "పద్మా, ఇనబడతందా?"

మూడు నెలలుగా కుదరనిది కుదిరింది. ఇద్దరం ఆ రోజు ఆడనే లేదు, కబుర్లే.

అక్కడ్నుంచి మళ్ళీ మధ్యాహ్నాలు మావి. మా ఆయనకి తెలుసు, బావగారికీ తెలుసు. తెలియనట్టు ఉండేవారు. ఒక్కోసారి మా ఆయన తెర మీద ఎడమచేతి బొమ్మ ఆట చూస్తూ గుమ్మంలో నిలబడిపోయేవారు. నేను తల తిప్పితే కిందికి దిగిపోయేవారు.

భువనేశ్వర్‌లో ఆటల క్లబ్బు ఒకటి ఆడవాళ్ళకి మాత్రమే ఆన్‌లైన్ డబుల్స్ పోటీ పెట్టింది. కార్తీకే మా పేర్లు ఇచ్చాడు. మాకంటే సగం వయసు అమ్మాయిలు ఆడుతున్నారు. మొదటి ఆట గెలిచాం, రెండోది గెలిచాం. సెమీఫైనల్ గెలిచాక బజారంతా తెలిసిపోయింది. పప్పులు అమ్మే కొట్టాయన కూడా, ఆదివారం ఫైనలట కదా కోడలా అని ఒడియాలో అడిగాడు.

గెలిస్తే కప్పు ఒకటి ఇస్తారు, అంతే. మాకు కావలసింది కప్పు కాదు. ఫైనల్ ఫోన్లలో అందరికీ ప్రత్యక్షంగా చూపిస్తారు. అన్నదమ్ములిద్దరూ వేరువేరు ఇళ్ళలో అయినా ఒకే ఆట చూస్తారు, ఒకే జట్టు గెలవాలని కోరుకుంటారు. అదీ మా ఆశ. పైకి అనుకోలేదు గాని ఇద్దరికీ తెలుసు. ముందు రోజు అక్క అంది: "గెలిస్తే నువ్వు బావగారికి ఫోన్ సెయ్యి, నేను శ్రీనుకి సేస్తాను. అభినందించకపోతే మొహం ఎక్కడ పెట్టుకుంటారో సూద్దాం."

ఆదివారం పొద్దున్న అక్కకి ఫోన్ చేశాను. స్విచ్చాఫ్ వచ్చింది. గంట ఆగి చేశాను, స్విచ్చాఫ్. ఎండాకాలం, అస్కాలో కరెంటు పోతూంటుంది, ఛార్జింగు లేదేమో అనుకున్నాను. కరెంటు పోతే హబ్ కూడా ఉండదన్న ఆలోచన ఆ తర్వాత వచ్చింది. ఒక వైపు మనిషి లేకపోతే జట్టు ఓడినట్టే. నియమాల్లో అది స్పష్టంగా ఉంది. బదులుగా కంప్యూటరు ఆడటం లాంటిది ఏమీ లేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. మావయ్యగారికి కుర్చీ వేశాం. అత్తగారు నేల మీద చాప పరుచుకున్నారు. మా పాప తలుపు దగ్గర ముగ్గురు స్నేహితురాళ్ళతో కూర్చుంది. మా ఆయన కొట్లో పనుందని అంటూనే పైకి వచ్చారు.

నేను కన్సోల్ వేశాను. నా పేరు వెలిగింది. పక్కన అక్క స్థానం చీకటిగా ఉంది. క్లబ్బువాళ్ళు హెచ్చరిక పెట్టారు, ఇంకొద్దిసేపట్లో మొదలవుతుందని. అత్తగారు, హేమ ఏదే అన్నారు.

అప్పుడు అక్క పేరు వెలిగింది. పక్కన 'సిద్ధం' అన్న గుర్తు వచ్చింది.

నాకు ఏడుపొచ్చినంత పనయింది. "ఎక్కడికెళ్ళిపోయావక్కా" అన్నాను మైకులో. జవాబు లేదు. ఆమె మైకు గుర్తు మీద అడ్డగీత ఉంది. మైకుతో ఇదివరకు మేం పడ్డ తిప్పలు తక్కువ కాదు గనక, మళ్ళీ అదే అనుకున్నాను. ఆట మొదలైపోయింది.

అవతల కటక్ కాలేజీ అమ్మాయిలు ఇద్దరు. మెరుపుల్లా ఉన్నారు. మొదటి గేమ్ మమ్మల్ని ఊదేశారు. నేను వల దగ్గర మూడు తేలిక షాట్లు వదిలేశాను. వెనక అక్క మాత్రం ఒక్కటీ వదల్లేదు.

రెండో గేమ్‌లో అక్క సర్వీసు. ఎడమచేతి బొమ్మ ఉన్నచోటే రెండుసార్లు గెంతింది. అది చూడగానే నా భయం పోయింది. మాటలు లేకపోతేనేం, అక్క ఉంది. నేను ఎక్కడికి జరుగుతానో ఆమెకి తెలుసు, ఆమె ఎక్కడికి కొడుతుందో నాకు తెలుసు. నేను ఎడమకి వెళ్తే ఆమె కుడి మూల కాస్తోంది. నేను తప్పితే వెనక నుంచి ఎత్తుతోంది. రెండో గేమ్ మాది. అత్తగారు చాప మీదే మోకాళ్ళ మీద లేచారు.

మూడోది చివరిదాకా నువ్వా నేనా అని నడిచింది. చివరి పాయింటుకి అవతలి అమ్మాయి అక్క తల మీదుగా వెనక్కి ఎత్తుగా కొట్టింది. అయిపోయింది అనుకున్నాను. ఎడమచేతి బొమ్మ వలకి వీపు తిప్పి వెనక్కి పరిగెత్తింది. తిరగలేదు. అలా వీపు తిప్పినట్టే భుజం మీదుగా వెనక్కి కొట్టింది. షటిల్ వల అంచు రాసుకుంటూ అవతలి వైపు మెల్లగా జారి పడింది. ఆ పిల్లలిద్దరూ కదల్లేదు.

గెలిచాం.

ఇంట్లో ఎవరు ఎవరిని పట్టుకున్నారో తెలియదు. పిల్లలు గెంతుతున్నారు. కింద బజారులోంచి ఎవరో ఈల వేశారు. మావయ్యగారు చప్పట్లు కొడుతున్నారు, ఆయన చప్పట్లు కొట్టగా నేను ఎప్పుడూ చూడలేదు. నేను మైకులో అక్కా అక్కా అని పిలుస్తూనే ఉన్నాను. తెర మీద ఎడమచేతి బొమ్మ ఒక్క క్షణం నిలబడి, అక్క పేరు ఆరిపోయింది.

మా ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. "వదిన ఏం ఆడిందే" అన్నారు. జేబులోంచి ఫోన్ తీశారు. నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు. రెండేళ్ళ తర్వాత మొదటిసారి అన్నయ్య నంబరు నొక్కారు. అందరం వినాలని స్పీకరు పెట్టారు.

ఎత్తింది హేమక్క.

మా ఆయన ఉత్సాహంగా వదినా అన్నారు. ఆమె చాలా నెమ్మదిగా అంది.

"శ్రీనూ, పద్మకి సెప్పు, తప్పుగా అనుకోవద్దని. ఆటకి రాలేకపోయాను. ఒక్కదాన్నే ఒగ్గేశాను దాన్ని."

నేను టీవీ వైపు చూశాను. తెర మీద మా ఇద్దరి పేర్లూ, కింద 'విజేతలు' అనీ ఇంకా కనబడుతోంది.

"ఎక్కడున్నావు వదినా?" అన్నారు మా ఆయన.

"బరంపురం పెద్దాసుపత్రిలో. మీ అన్నయ్యకి పొద్దున్న గుండెల్లో నొప్పొచ్చింది. అస్కా డాక్టరు ఇక్కడికి ఎల్లమన్నాడు. నీకు సెప్పొద్దని నా సేత ఒట్టు ఎయించుకున్నారు శ్రీనూ. నేను సెప్పలేదు. నువ్వే సేశావు."

మాకు ఆసుపత్రి అంత దూరం కాదు. మా ఆయన చెప్పులు వేసుకోకుండానే బండి తీశారు, నేను వెనక ఎక్కాను. నాకు భయం వేసింది నిజమే, కాని బావగారి కోసం. మిగతాది ఆలోచించే తీరిక లేదు.

అత్యవసర విభాగం బయట బల్ల మీద అక్క కూర్చుని ఉంది. పొద్దున్న కట్టుకున్న నేత చీర, చేతిలో బావగారి ఫోన్. తన ఫోన్ అస్కా ఇంట్లోనే ఉండిపోయింది. నన్ను చూసి లేచి, ఓడిపోయామా అని అడిగింది. గెలిచాం అని చెప్పలేకపోయాను. తర్వాత చెబుతానక్కా అన్నాను.

లోపల బావగారికి ఇంజెక్షన్ ఇచ్చారు. నరంలో అడ్డు ఉంది, భువనేశ్వర్‌లో గుండె ఆసుపత్రికి ఈ సాయంత్రమే తీసుకెళ్ళాలి, ఆలస్యం మంచిది కాదు అన్నారు డాక్టరమ్మ. ఆ మాట ఆవిడ చెప్పి అప్పటికే చాలాసేపయింది. బావగారు ఒప్పుకోవడం లేదు. నొప్పి తగ్గిపోయింది, ఇంటికెళ్ళిపోదాం అంటున్నారు. అక్క ఎంత బతిమాలినా వినలేదు. పట్టుపట్టారంటే ఆయన సంగతి మాకు తెలిసిందే.

మా ఆయన మంచం దగ్గర నిలబడ్డారు. బావగారు చూసి మొహం గోడవైపు తిప్పుకున్నారు. మా ఆయన ఆయన పాదం మీద చెయ్యి వేశారు.

"అన్నయ్యా, ఒకసారి నిన్ను అడక్కుండా సేశాను. ఇది కూడా అడగను. అంబులెన్స్ వస్తంది, ఎక్కుతావు. నీ పక్కన నేనుంటాను."

బావగారు మొహం ఇటు తిప్పి, "కొట్టు ఎవరు సూస్తారు?" అన్నారు.

నాన్న చూస్తారు అన్నారు మా ఆయన.

ఆ సాయంత్రమే అన్నదమ్ములు ఒకే అంబులెన్స్‌లో వెళ్ళారు. వెనక కారులో నేను, అక్క. కార్తీక్ అక్కడ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ఆపరేషన్ బాగా జరిగింది. ఇంకొన్ని గంటలు ఆలస్యమైతే చేతుల్లో ఉండేది కాదని అక్కడి డాక్టరు మా ఆయనతో విడిగా చెప్పారు. బావగారు ఇప్పుడు పొద్దున్నే నడకకి వెళ్తున్నారు. వారానికో రోజు బరంపురం వచ్చి కొట్లో కూర్చుంటారు, మా ఆయన పెట్టించిన ఆ అద్దాల మధ్యే. ఏసీ చల్లగా ఉందని ఒప్పుకోరు గాని దాని కిందే కుర్చీ వేసుకుంటారు.

ఇక నాకు మిగిలింది ఆ ఆట.

నేను నమ్మని మనిషిని గనక, ఒక్కొక్కటీ వెతికాను. కన్సోల్ అస్కా ఇంట్లో ఉంది. ఇంటికి తాళం వేసి ఉంది, తాళంచెవి అక్క కొంగున ఉంది. పక్కింటాయన చక్కెర మిల్లులో పని చేస్తారు. ఆ ఆదివారం లైన్ల మరమ్మతని ఆ వీధి మొత్తానికి పొద్దున్న పోయిన కరెంటు చీకటిపడేవేళకి గాని రాలేదని ఆయనే చెప్పారు. వాళ్ళింట్లో ఇన్వర్టరు లేదు. హబ్‌కి బ్యాటరీ లేదు. అది నేను ఫోన్‌లో ఒక్కొక్కటీ చెప్పి సరిచేయించిన హబ్బే, నాకు తెలుసు.

అక్క ఖాతా వేరే చోట నుంచి తెరవాలంటే పాస్‌వర్డ్ కావాలి. అది కార్తీక్‌కి మాత్రమే తెలుసు. వాడు ఆ మధ్యాహ్నం ఏదో పోటీ పరీక్ష రాస్తున్నాడు, ఫోన్లు బయట పెట్టించే హాల్లో. వాడి స్నేహితులు పక్క బల్లల మీదే ఉన్నారు. క్లబ్బువాళ్ళని అడిగాను. అక్క ఆడిన కన్సోల్ మొదటి రోజు నుంచీ నమోదైనదే అన్నారు. ఆట వాళ్ళ దగ్గర రికార్డయి ఉంది, వందలమంది చూశారు. కటక్ అమ్మాయిలు మా అక్క ఆట మెచ్చుకుంటూ సందేశం కూడా పెట్టారు.

నాకు తెలిసిన కారణాలు అక్కడితో అయిపోయాయి.

అక్కకి ఈ సంగతంతా చెప్పడానికి నాకు నెల పట్టింది. ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఆసుపత్రి బల్ల మీద కూర్చున్న ఆ కాసేపూ తనకి ఏమీ గుర్తు లేదంది. లోపల ఆయనకి ఏమవుతోందో తలుచుకోలేక కళ్ళు మూసుకుందట. పాపం పద్మ ఒక్కత్తే ఉంటుంది అనుకోవడం ఒక్కటే గుర్తు. కళ్ళు తెరిచేసరికి ఎడమచేతి బొటనవేలు నొప్పిగా ఉందట, ఎక్కువసేపు ఆడినప్పుడు నొప్పెట్టినట్టు. ఆ కంగారులో దేన్నో గట్టిగా పట్టుకుని ఉంటాను అంది. అయ్యుండొచ్చు. నేను దాన్ని ఋజువుగా చెప్పడం లేదు.

తర్వాత ఇద్దరం కూర్చుని రికార్డయిన ఆట చూశాం. మా ఇంట్లోనే, పాత సోఫాలో. సర్వీసు ముందు రెండు గెంతులు వచ్చినప్పుడల్లా అక్క నా చెయ్యి నొక్కింది. ఇది నేనే, ఇదీ నేనే, ఇక్కడ నేనైనా ఇలాగే కొడతాను, అంటూ వచ్చింది. ఎవరో తన ఫోటో చూపిస్తే గుర్తుపడుతున్నట్టు.

చివరి పాయింటు వచ్చింది. ఎడమచేతి బొమ్మ వలకి వీపు తిప్పి పరిగెత్తి, భుజం మీదుగా వెనక్కి కొట్టింది. అక్క నా చేతిలోంచి రిమోట్ తీసుకుని వెనక్కి తిప్పి మళ్ళీ చూసింది. ఇంకోసారి చూసింది.

"ఇది నాకు రాదు పద్మా" అంది. "ఇలాటిది ఒకటుందనే నాకు తెల్దు."

నాకూ తెలియదు. మేం ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఆ దెబ్బ కొట్టలేదు. ఏయే మీటలు కలిపి నొక్కితే వస్తుందో కనిపెట్టడానికే ఇద్దరికీ రెండు మధ్యాహ్నాలు పట్టింది.

అక్క పట్టు వదల్లేదు. అస్కా వెళ్ళాక కూడా రోజూ ఆ రికార్డు పెట్టుకుని, బొమ్మ పాదం ఎక్కడ పడుతోందో, చెయ్యి ఎప్పుడు లేస్తోందో చూసి చూసి సాధన చేసింది. కనెక్షన్ ఒక్కసారైనా తెగలేదు, అది మాత్రం నా గొప్పే. పోయిన నెల ఇంకో పోటీలో, మంచి ఇరకాటంలో ఉన్నప్పుడు, అక్క బొమ్మ వీపు తిప్పి అదే దెబ్బ కొట్టింది. షటిల్ వల అంచు రాసుకుంటూ అవతల పడింది. నా టీవీలోంచి అక్క కేక, వెనకాల బావగారి కేక కలిసి వినబడ్డాయి.

ఆ ఆట కూడా గెలిచాం. ఈసారి ఆడింది అక్కే, అనుమానం లేదు. ఆ దెబ్బ మాత్రం ఎవరిని చూసి నేర్చుకుందో ఆమెకీ తెలియదు, నాకూ తెలియదు.